కట్టేసిన స్టవ్ ఫొటోలు

మా ఆస్పత్రి మందుల కౌంటర్‌లో ఆమెకు రెండోసారి అక్క అని పేరు. చీటీ చదివి, అరలోంచి మందు తీసి, కవర్లో వేయబోతూ ఆగి, "రెండోసారి చూద్దాం" అనేది. క్యూలో వాళ్ళు ఎంత విసుక్కున్నా రెండోసారి చూడందే కవరు కిటికీ దాటేది కాదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా పక్కనే నిలబడి, "పేరొక్కటే చూసి తియ్యకమ్మా. పేరు, పవరు, ఎన్ని మాత్రలు, మూడూ చూడు. చూశాక ఇంకోసారి చూడు" అని నేర్పింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు కవరు కూడా ఆమె చేతి మీదుగా పోలేదని మా ఇన్‌చార్జి మేడం కొత్తవాళ్ళకు గొప్పగా చెప్పేది.

అదే అలవాటు ఇంటిదగ్గర ఆమెను పీక్కుతింటోందని మాకెవరికీ తెలియదు. తర్వాత తనే చెప్పుకుంది కాబట్టి నాకు తెలిసింది.

వాళ్ళది చిన్న సంసారం. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ మీద పని చేస్తాడు, పొద్దున్నే ఆరింటికల్లా వెళ్ళిపోతాడు. కూతురు కాలేజీకి ఏడున్నరకు బయల్దేరుతుంది. ఇంట్లోంచి ఆఖరున బయటపడేది అక్కే. మూడో అంతస్తులో రెండు గదులు, ఇరుకు వంటగది. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి, ఎవరో పిలిస్తే కిందికి దిగి, మాటల్లో పడిపోయింది. పైకి వచ్చేసరికి గిన్నె మాడి, కిటికీ పరదా అంచు అంటుకుని ఉంది. రెండు చెంబుల నీళ్ళతో ఆరిపోయింది. భర్త గోడకు రంగు వేసి, కొత్త పరదా కట్టి, ఆ సంగతి మరిచిపోయాడు. అక్క మరిచిపోలేకపోయింది.

మొదట్లో మెట్లు దిగినదల్లా మళ్ళీ ఎక్కి స్టవ్ చూసి వచ్చేది. ఒకసారి సరిపోయేది. తర్వాత రెండుసార్లు. ఒక్కోరోజు బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. అప్పుడు కూతురే ఉపాయం చెప్పింది. "అమ్మా, స్టవ్ కట్టేశాక ఫోన్‌లో ఫొటో తీసుకో. అనుమానం వస్తే చూసుకో. మెట్లెక్కే పని తప్పుతుంది."

ఉపాయం బాగానే ఉంది. ఓ వారం హాయిగా గడిచింది. తర్వాత ఫొటోకే అనుమానాలు పుట్టాయి. ఇది ఇవాళ్టిదేనా, నిన్నటిదా? ఫొటో మీద ఎనిమిదీ పన్నెండు అని టైము ఉంది, సరే. ఎనిమిదీ పన్నెండు తర్వాత మంచినీళ్ళ సీసా కోసం మళ్ళీ వంటగదిలోకి వెళ్ళానా? వెళ్ళినప్పుడు చీర కొంగు స్టవ్ తిప్పే మరకు తగిలిందా? ఒక ఫొటో చాలక నాలుగు తీసింది. సిలిండరు దగ్గర ఒకటి, తలుపు తాళానికి ఒకటి. తర్వాత వీడియో. వీడియోలో టిక్కుమని వినిపించిన చప్పుడు మర కట్టినప్పటిదా, తెరిచినప్పటిదా? బస్సులో కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకుని ఆ టిక్కు ఇరవైసార్లు వినేది. పక్కసీటు వాళ్ళు ఏదో రహస్యం అనుకునేవారు.

"నా చిన్నప్పటి ఫొటోలు గట్టిగా వెతికితే యాభై ఉంటాయి. మా స్టవ్‌కి పదకొండు వేలు" అని కూతురు స్నేహితులతో నవ్వుతూ చెప్పేది. అక్క కూడా నవ్వేది. నవ్వుతూనే మళ్ళీ ఫోన్ తీసేది.

ఒక మంగళవారం కౌంటర్ ముందు క్యూ గేటు దాకా ఉంది. అక్క సొరుగు సగం తెరిచి, లోపల ఫోన్‌లో స్టవ్ వీడియో చూసుకుంటూ మధ్యమధ్యలో కవర్లు అందిస్తోంది. అది నేను గమనించలేదు. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక అరలు సర్దుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. గుండె వేగం తగ్గించే మాత్రలు రెండు పవర్లలో ఉంటాయి, ఇరవై ఐదు, వంద. వంద పెట్టెలో ఒక షీటు తక్కువ, ఇరవై ఐదు పెట్టెలో ఒక షీటు ఎక్కువ.

"నేనే ఇచ్చాను," అంది. "గొడుగు పట్టుకొచ్చిన పెద్దాయనకి. ఇరవై ఐదు రాసుంది. వంద ఇచ్చాను."

"ఖాయమేనా అక్కా?"

"ఈ ఒక్కటీ ఖాయమే."

రిజిస్టర్లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. మేడంకి చెప్పి, అందులోనే ఉన్న అడ్రసు రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. రెండు బస్సులు మారాలి. దారి పొడవునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. "భోజనం తర్వాత వేసుకోమని రాశారు. ఒంటిగంటన్నర. తినేసుంటాడు. తిని పడుకునుంటాడు." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విచిత్రం ఏమిటంటే ఆ గంటసేపూ ఆమె ఒక్కసారి కూడా స్టవ్ ఫొటో చూడలేదు.

తలుపు తీసింది ఆయన కోడలు. "మామయ్య పడుకున్నారండీ" అంది. ఆ మాట వింటూనే అక్క గుమ్మం పట్టుకుని కింద కూలబడిపోయింది. కోడలు కంగారుపడి లోపలికి వెళ్ళి పిలిస్తే, పెద్దాయన కళ్ళజోడు సర్దుకుంటూ నడుచుకుంటూ వచ్చాడు.

"ఆ మాత్రా? వేసుకోలేదమ్మా. ఎప్పుడూ తెల్లగా ఉంటుంది, ఇది గులాబీ రంగులో ఉంది. రేపొచ్చి మిమ్మల్నే అడుగుదామని పక్కన పెట్టాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కకు మాత్రం రాలేదు. మాత్రలు మార్చి ఇచ్చి, ఆయన చేతులు పట్టుకుని క్షమించమంది. ఆయన ఇబ్బందిగా నవ్వి, "మీరు ఇంత దూరం వచ్చారు చూడండి, అది గొప్ప" అన్నాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తప్పు తనే కాగితం మీద రాసి మేడంకి ఇచ్చింది. ఫోన్ సంగతి కూడా దాచలేదు. మర్నాటి నుంచి కౌంటర్లో ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదు, అన్నీ బయట లాకర్లో పెట్టాలి అని ఆర్డరు వచ్చింది. మా అందరికీ అది చిన్న చిరాకు. ఆమెకు ఊపిరాడనివ్వని శిక్ష. మొదటి రోజు పదకొండింటికి కడుపులో నొప్పి అని సెలవడిగి ఇంటికి పరుగెత్తింది. స్టవ్ కట్టేసే ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు మేడం పిలిచి, "ఇంకోసారి మధ్యలో వెళ్తే నిన్ను కౌంటర్ నుంచి తీసి స్టోర్‌రూమ్‌లో వేస్తాను. నాకిష్టం లేదు, కానీ వేస్తాను" అంది.

ఆ ఆదివారం ఆమె వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. బావగారిది ఫొటో స్టూడియో. ఒకప్పుడు మూడు కెమెరాలు, ఇద్దరు అసిస్టెంట్లు. తర్వాత పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులే మిగిలాయి. ఈమధ్య మళ్ళీ అద్దాల బీరువా నిండింది. పాతకాలం చిన్న ఫిల్ము కెమెరాలు, సబ్బుపెట్టె అంతేసివి, ఎక్కడెక్కడివో తెచ్చి, బూజు తుడిచి, బాగుచేసి పెడితే కాలేజీ పిల్లలు వచ్చి కొనుక్కుపోతున్నారు. రీళ్ళు కడిగించి ఫొటోలు వేయించుకోవడానికి కూడా వాళ్ళే వస్తున్నారు.

"అప్పట్లో ఫొటో మసగ్గా వచ్చిందని నన్ను తిట్టేవాళ్ళు," అన్నాడు బావ. "ఇప్పుడు మరీ స్పష్టంగా వచ్చిందని తిడుతున్నారు. నిన్న ఒక అమ్మాయి, అంకుల్, మెషీన్ మరీ బాగా కడిగిందేమో, పాత ఫొటోలా లేదు అంటుంది. నేనేం చెయ్యను మరదలా?"

అక్క నవ్వలేదు. ఆయన అప్పుడు ఆమె మొహం సరిగ్గా చూశాడు. వంటింట్లో ఉన్న భార్యను పిలవకుండా స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఏమైందో మొత్తం విన్నాడు. విని బీరువాలోంచి నల్లటి చిన్న కెమెరా ఒకటి తీసి, రీలు ఎక్కించి, ఆమె చేతిలో పెట్టాడు. ముందు జరిపే మూత ఉంది. బొటనవేలితో తిప్పే చక్రం, ఎన్ని ఫొటోలు అయ్యాయో చూపే చిన్న కిటికీ ఉన్నాయి.

"స్టవ్ కట్టేశాక రోజుకి ఒక్కటి తియ్యి. చక్రం తిప్పు. మూత వేసి సంచిలో పడెయ్యి. ముప్పై ఆరు అయ్యాక నాకు తెచ్చివ్వు."

"మరి చూసుకోవడం ఎలా బావా?"

"చూసుకోలేవు."

"చూసుకోలేకపోతే ఎందుకిది?"

"సాక్ష్యం ఇందులో భద్రంగా ఉంటుంది. కానీ నువ్వు పిలిచినప్పుడల్లా రాదు. వెనక తలుపు మాత్రం తియ్యకు. వెలుతురు తగిలిందంటే అప్పటిదాకా తీసినవన్నీ పోతాయి."

సోమవారం ఆమె ఆ కెమెరాతో వచ్చింది. ఫోన్ కాదు కాబట్టి మేడం కూడా ఏమీ అనలేదు. తెల్లకోటు జేబులో వేసుకుని, పైనుంచి చేత్తో తడుముకుంటూ ఉండేది. నెమ్మది అన్నది ఏ కోశానా లేదు. పదకొండయ్యేసరికి నుదుటి మీద చెమట. "ఇందులో ఉంది. కానీ ఏముందో తెలీదు" అని నా చెవిలో గొణిగేది. నేను "ఉంది కదా అక్కా" అనేదాన్ని. అయితే ఒకటి, సొరుగు తెరవడం లేదు. చేతులు రెండూ మందుల మీదే ఉన్నాయి. ఇంటికి పరుగెత్తలేదు.

తొమ్మిదో రోజున మధ్యాహ్నం లాకర్ల గదిలోకి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే గోడకు ఆనుకుని, కెమెరా వెనక తలుపు గొళ్ళెం మీద గోరు పెట్టి నిలబడి ఉంది. పొద్దున వంటగదిలోంచి వస్తూ ఏదో వాసన వచ్చినట్టుందట. ఇప్పుడు చూడకపోతే పిచ్చెక్కుతుందంది.

"తీస్తే మాత్రం ఏం కనపడుతుందక్కా? నల్లటి రీలు కనపడుతుంది. ఇవాళ్టిది పోతుంది, ముందటి ఎనిమిదీ పోతాయి."

ఆమె గోరు కదల్లేదు, తియ్యడానికీ కాదు, వదలడానికీ కాదు. బయట క్యూలోంచి ఎవరో "మందులిచ్చేవాళ్ళు లేరా" అని అరిచారు. చివరికి, "నా చేతిలోంచి తీసుకో" అంది. తీసుకుని నా కోటు జేబులో వేసుకున్నాను. సాయంత్రం నాలుగింటిదాకా ఆ కెమెరా నా దగ్గరే ఉంది. నిజం చెప్పాలంటే ఆ పూట నాక్కూడా మా ఇంటి స్టవ్ గుర్తొచ్చి కాస్త భయమేసింది.

ముప్పై ఆరూ అయ్యాయి. కడిగిన ఫొటోలు తీసుకోవడానికి నన్ను కూడా రమ్మంది. బావగారు కవరు చేతికిచ్చి పక్కకు జరిగాడు. అక్క బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. అన్నీ ఒకలాగే ఉన్నాయి. మధ్యలో ఫ్లాష్ పడిన తెల్లటి మచ్చ, చుట్టూ బూడిదరంగు మసక. స్టవ్ అని చెబితే స్టవ్, సూట్‌కేసు అంటే సూట్‌కేసు. మర ఎటు తిరిగి ఉందో దేవుడు కూడా చెప్పలేడు.

"ఏమిటి బావా ఇది?"

"నాలుగడుగుల లోపల ఉన్నది ఈ కెమెరాకి ఆనదు మరదలా. నువ్వు మరీ దగ్గరికెళ్ళి తీసుంటావు."

"నీకు ముందే తెలుసా?"

ఆయన తల దించుకుని, "తెలుసు" అన్నాడు.

ఆమెకు అంత కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. "ముప్పై ఆరు రోజులు! ముప్పై ఆరు రోజులు నా ఇల్లు ఏమైనా అయ్యుంటే? నేను దీన్ని నమ్ముకుని వెళ్ళాను. నువ్వు నాకు బొమ్మ ఇచ్చి ఆడించావు. నేనేమన్నా చిన్నపిల్లనా?" ఏమీ కాలేదు కదా అని బావగారు అనబోయి, ఆమె చూపు చూసి మానేశాడు. "తప్పే," అన్నాడు. "చెబితే నువ్వు తీసుకోవని చెప్పలేదు." ఆమె ఫొటోలన్నీ కవర్లో కుక్కి, కెమెరా బల్ల మీదే వదిలేసి వచ్చేసింది.

మర్నాడు ఆమె వచ్చినప్పుడు చూస్తే జబ్బుపడి లేచిన మనిషిలా ఉంది. కళ్ళు వాచిపోయాయి. చేతిలో ఏమీ లేదు, జేబులో ఏమీ లేదు. ఈ పూట పదకొండింటికి వెళ్ళిపోతుందనే అనుకున్నాను. కానీ ఆ రోజు మాలో ఇద్దరు రాలేదు. పైగా పిల్లలకు జ్వరాల కాలం. మూడు క్యూలకు మేమిద్దరం. ఊపిరి తీసుకునే తీరిక లేదు. రెండున్నరకు కిటికీ మూశాక ఆమె గడియారం చూసి ఉలిక్కిపడింది.

"పన్నెండు నుంచీ నాకు స్టవ్ గుర్తే రాలేదు," అంది.

"మంచిదే కదా?"

"మంచిదా? రెండున్నర గంటలు గుర్తు రాలేదంటే నాకేమైనా అవుతోందా?" అని కొత్త కంగారు మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కాసేపాగి ఆమెకూ వచ్చింది.

వారం తర్వాత బావతో మాటలు కలిశాయి. ఆయనే ఇంటికొచ్చి కెమెరా ఇచ్చి, ఈసారి దాచకుండా చెప్పాడు. వంటగది గుమ్మంలో నిలబడి తీస్తే స్టవ్, గోడ, కిటికీ అన్నీ తెలుస్తాయి. మర ఎటుందో మాత్రం అప్పటికీ సరిగ్గా తెలియదు. తెలిసీ తీసుకుంటావా? ఆమె తీసుకుంది. ఎందుకని అడిగితే, "తియ్యడం ఒక్కసారే కదా. చక్రం తిప్పాక దాని పని అయిపోతుంది, నేను బయటికి నడవాలి. ఫోనయితే ఎప్పటికీ అవదు" అంది.

రెండో రీలు నాకు చూపించింది. గుమ్మంలోంచి వంటగది. చిన్న గది, ఆరబెట్టిన గిన్నెలు, కిటికీలోంచి ఎండ. కాలేజీకి ఆలస్యమైన రోజుల్లో తీసిన కొన్నింట్లో హడావుడిగా టిఫిన్ డబ్బా మూస్తున్న కూతురి మోచెయ్యి, ఒకదానిలో ఆ అమ్మాయి నాలుక బయటపెట్టి వెక్కిరింపు. అక్క వాటివంక చూడకుండా ప్రతి ఫొటోలో స్టవ్ దగ్గర వేలు పెట్టి పరీక్షించింది. ఎన్నో రోజులు దాటిపోయిన సాక్ష్యం అది, అయినా ఒక్కటి కూడా వదల్లేదు.

రీళ్ళు దొరకడం కష్టమవుతోందని, కూతురు తన స్నేహితులు వాడే కొత్తరకం కెమెరా తెచ్చింది. అచ్చం పాతదానిలాగే చిన్నది, వెనక తెర ఉండదు, కానీ రీలు కూడా ఉండదు. ఫొటోలు లోపల చిప్పులో ఉంటాయి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. "అదే పద్ధతి అమ్మా, రీలు కొనే పని లేదు" అంది. అక్క రెండు రోజులు వాడింది. రెండో రోజు మధ్యాహ్నం మా రికార్డు గదిలో కంప్యూటర్ దగ్గర చిప్పు చేత్తో పట్టుకుని దొరికిపోయింది. "చూడొచ్చని తెలిశాక చూడకుండా ఉండలేను," అని కూతురికి తిరిగిచ్చేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు దాన్ని తనే వాడుకుంటోంది.

ఇది ఇంతటితో బాగైపోయిందని రాయాలని నాకూ ఉంది. కానీ కాలేదు. మూడో రీలు సగంలో ఉండగా వాళ్ళాయనకు ప్రెస్సులో వేలు నలిగి, మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో మనిషి ఉన్నాడు కదా, నిశ్చింతగా ఉంటుందనుకున్నాను. ఆయన టీ పెట్టుకుని స్టవ్ కట్టేస్తాడో లేదో అని ఈసారి రెట్టింపు భయం పట్టుకుంది. ఆయనకు గంటగంటకూ లాకర్ గదిలోంచి ఫోన్. మూడు రోజులు ఫోన్‌లో అరిచిన ఆయన నాలుగో రోజు అరవలేదు. మెల్లిగా, "నాకు భయమేస్తోంది, స్టవ్ గురించి కాదు, నీ గురించి" అన్నాడట. అది నాకు చెప్పేటప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు డ్యూటీ అవగానే మా ఆస్పత్రి రెండో అంతస్తుకు, మనసు డాక్టరు గదికి వెళ్ళాం. ఇరవై రెండేళ్ళు ఆ డాక్టరు రాసిన చీటీలకు మందులిచ్చిన మనిషి, రోగుల బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గుపడి చీర చెంగు తలమీదికి లాక్కుంది. "తెలిసినవాళ్ళెవరైనా చూస్తే తోడొచ్చానని చెప్పు" అంది. డాక్టరమ్మ అరగంట మాట్లాడింది. ఇది మీ ఒక్కరికే కాదు, దీనికి దారి ఉంది అంది. కెమెరా సంగతి విని, అది కూడా ఒకరకంగా చూసుకోవడమేనని, కాకపోతే ఫోన్ కంటే నయమని చెప్పి, మెల్లగా దాన్నీ తగ్గించాలంది. మొదట వారంలో ఒక్కరోజు, సోమవారం, ఫొటో తియ్యకుండా తలుపు వేసుకుని రావాలి.

"అది ఆవిడకేం, సులువుగా చెప్పింది," అని మెట్లు దిగుతూ అక్క సణిగింది. "ఆవిడ స్టవ్ కాదుగా."

మొదటి సోమవారం బస్టాపు నుంచి వెనక్కి వెళ్ళిపోయింది. డ్యూటీకి గంట ఆలస్యం. రెండో సోమవారం వచ్చింది కానీ నిలబడలేకపోయింది, మేడం కుర్చీ తెప్పించింది. మూడో సోమవారం వానలో వచ్చింది. తడిసిన గొడుగు మూలన పెట్టి, కోటు తొడుక్కుని, కిటికీ తెరిచింది. పదకొండింటికి ఒక చీటీ చేతిలో పట్టుకుని, అరవైపు తిరగకుండా నావైపు తిరిగింది. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది.

"నీకేమైనా వాసన వస్తోందా?"

"లేదక్కా."

కాసేపు ముక్కుతో గాలి పీల్చి చూసింది. "నాక్కూడా లేదు," అంది. చీటీ మీద పేరు, పవరు, ఎన్ని మాత్రలు చదివి, వెళ్ళి మందు తీసింది.